దేవన్న పేరున్న పేజీ

దేవన్నకు ఇంగ్లీషు రాదు. అయినా రెండు మాటలు మాత్రం ఏ కాగితంలో ఉన్నా పట్టేస్తాడు. ఒకటి రాయమల్లు. ముప్పై నాలుగేళ్లుగా గని హాజరీ పుస్తకంలో, సెలవు చీటీల మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరే రాస్తున్నాడు. రెండోది డేంజర్. గనిలో ఏ మూలకు తిరిగినా ఆ బోర్డే కనిపిస్తుంది.

ఆ మంగళవారం మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి కూతురు ప్రతిభ ట్యూషన్ నోటుబుక్కు మంచం మీద తెరిచి ఉంది. పిల్ల స్నానానికి వెళ్ళింది. దేవన్న అలవాటు ప్రకారం ముందు గుమ్మం వైపు చూసి, తర్వాత పుస్తకం మీదికి వంగాడు. పేర్లు రాసేటప్పుడు పెద్దక్షరాలు వాడడం ప్రతిభకు ఇష్టం. పేజీ మధ్యలో రాయమల్లు అని ఉంది. దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. రెండు వరుసల కింద ఇంకో పేరు, దాని చుట్టూ ఇంకో సున్నా. ఆ రెండో పేరు దగ్గర అతను ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ వెళ్ళాడు. ఒక్క అక్షరం తప్ప మిగిలినవన్నీ డేంజర్‌లో ఉన్నవే. కూడబలుక్కుని చదివేసరికి గుండెల్లో రాయి పడింది. దేవన్న అని ఉంది.

రెండు సున్నాలకూ మధ్య టీచరు గీసిన పెద్ద ప్రశ్నార్థకం ఉంది. అది చదవడానికి ఏ భాషా రానక్కర్లేదు.

ఇక్కడ దేవన్న సంగతి చెప్పుకోవాలి. లేకపోతే ముసలితనంలో నోటుబుక్కు చూసి చెమటలు పట్టే మనిషి ఎవడా అనిపిస్తుంది. ఇంట్లో అతను దేవన్న. గనిలో రాయమల్లు. రాయమల్లు నిజానికి అతని అన్న పేరు. రాజురా వైపు వాళ్ళ నాలుగెకరాలు బొగ్గు కింద పోతే, భూమికి బదులు ఇంటికో ఉద్యోగమన్నారు. పెద్దవాడు గనక రాయమల్లు పేరు రాశారు. ఫైలు ఏడేళ్లు తిరిగింది. తీరా పిలుపు కాగితం వచ్చిన వారానికే రాయమల్లు కామెర్లతో పోయాడు. చచ్చిపోయాడని చెబితే ఫైలు మళ్ళీ మొదటికి వస్తుందని కులపెద్దలు భయపెట్టారు. కంపెనీకి కావలసింది మనిషే గాని పేరు కాదన్నారు. ఇరవై రెండేళ్ల దేవన్న అన్న కాగితాలు పట్టుకుని చంద్రపూర్ వచ్చి, లాల్‌పేట్ దగ్గరి గనిలో రాయమల్లుగా దిగాడు. ఆ రోజుల్లో అలా దిగినవాడు అతనొక్కడే కాదు. ఎవరికి వారు తమకొక్కరికే ఈ తెలివి వచ్చిందనుకున్నారు.

ఇప్పుడు కంపెనీ లెక్కలో అతనికి అరవై నిండుతున్నాయి. తల్లి లెక్కలో యాభై ఆరే. డిసెంబరు ఆఖరున రిటైర్మెంటు. ఇంకా రెండు నెలలు. ఈ రెండు నెలలూ ఎవరి కంటా పడకుండా దాటితే భార్య బాలమ్మకూ పిల్లకూ తిండికి లోటుండదు. పడ్డాడా, కొంప మునిగినట్టే. అతనిలాగే వేరే పేరు మీద దిగిన లక్ష్మయ్యకు పోయిన ఏడు అదే జరిగింది. రిటైర్మెంటుకు మూడు నెలల ముందు ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. విచారణ వచ్చింది, పింఛను కాగితాలు ఆగిపోయాయి. లక్ష్మయ్య ఇప్పటికీ సంచీ భుజాన వేసుకుని ఆఫీసు మెట్ల దగ్గర కూర్చుంటాడు. ఉత్తరం రాసిందెవరో తేలలేదు. తేలకపోవడంతో వాళ్ళుండే బాబుపేట్‌లో ప్రతివాడూ ప్రతివాణ్నీ అనుమానించడం మొదలుపెట్టాడు.

దేవన్నకైతే అనుమానం వృత్తిధర్మం. గనిలో అతని పని పైకప్పును కర్రతో తట్టి చూడడం. గట్టి శబ్దమొస్తే కిందికి మనుషుల్ని రానిస్తాడు, డొల్ల శబ్దమొస్తే ఆపుతాడు. పైకి వచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోదు. ఎదురైన ప్రతి మనిషినీ లోపల తట్టి చూసుకుంటాడు. కొత్తగా వచ్చిన ఈ ఇంగ్లీషు టీచరు కమలాక్షిని మాత్రం ఆడమనిషి కదా అని తట్టకుండా వదిలేశాడు. అందుకు తనను తానే తిట్టుకున్నాడు.

ప్రతిభ తల తుడుచుకుంటూ వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల. చదివింది మరాఠీ బడిలో, మాట్లాడేది తెలుగు, ఇప్పుడు కుస్తీ పడుతున్నది ఇంగ్లీషుతో.

"ఏం రాసినవ్ బిడ్డా గిండ్ల?" అన్నాడు దేవన్న, ఏదో వాతావరణం గురించి అడిగినట్టు.

"నిబంధ్ నాయినా, గదే వ్యాసం. నాగ్‌పూర్ నర్సింగ్ కాలేజీ ఫారంతోటి పంపాలె. మా ఇంట్ల ఒక మనిషి అని రాయుమన్నరు. నీ మీద రాసిన."

"నా మీద ఎందుకు? మీ అమ్మ లేదా?"

"అమ్మ మీద పోయిన వారం రాసిన. గిది నీ మీద."

"ఎర్రగ ఏంది మరి?"

ప్రతిభ మంచం మీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది. "ఇంగ్లీషుల కథ ఒక్క కాలంల నిలవడాలె. నిన్నటిదైతె మొత్తం నిన్నటిదే, ఇయ్యాల్టిదైతె మొత్తం ఇయ్యాల్టిదే. నేనేమో ఒక లైనుల పోయిండు అని, ఇంకో లైనుల పోతుండు అని రాసిన. గదే తప్పు. ఒకసారి మొదలుపెట్టినంక మధ్యల మార్చొద్దట."

"గంతేనా? మరి పేర్ల చుట్టు ఎందుకు గీసింది?"

"నాయనమ్మ నిన్ను దేవన్న అనేది గదా. అందుకని మా నాయిన పేరు దేవన్న ఉండె, మా నాయిన పేరు రాయమల్లు ఉన్నది అని రాసిన. ఇది అప్పటిదా ఇప్పటిదా, ఒక మనిషా ఇద్దరా అని మేడం అడిగింది."

అడిగిందన్నమాట. పిల్లకు ఈ సంగతేమీ తెలియదు. దేవన్న అనేది నాయనమ్మ ముద్దుపేరనే అనుకుంటోంది. అసలు కథ తెలిసింది బాలమ్మకూ, సొంత ఊరివాళ్ళకూ మాత్రమే.

"ఆ పేజీ చింపెయ్యి" అన్నాడు.

"ఎందుకు? మేడం ఫోన్ల ఫోటో తీసుకున్నది, ఇంటికాడ నిదానంగ చూస్తనని. ఇంకా, ఐతారం నిన్ను రమ్మన్నది. మాట్లాడేదుందట."

ఆ మాటతో దేవన్నకు అన్నం దిగలేదు. ఫోటో తీసింది. పైగా మాట్లాడాలట. ఇంగ్లీషు తప్పులు దిద్దడానికి ఫోటో ఎందుకు? తప్పులు పిల్లవైతే తండ్రి ఎందుకు? బాలమ్మ చెవిన వేస్తే, ఆమె కూర తిప్పుతూ, "నీకు నీడను చూసినా పోలీసే అనిపిస్తది. ఫీజు సంగతి అడుగుతదేమో" అంది. ఫీజు మొన్ననే కట్టాడు. ఆ సంగతి బాలమ్మకూ తెలుసు. తెలిసీ తనను మరిపించడానికే అలా అన్నదని దేవన్న ఆమెను కూడా కొంచెం అనుమానించాడు.

గురువారం షిఫ్టు అయ్యాక బాపురావు చాయ్ దుకాణం దగ్గర ఆగాడు. బాపురావుకు బాబుపేట్‌లో తెలియని గడప లేదు. తనకేమీ పట్టనట్టు దేవన్న చాయ్ ఊదుకుంటూ, "ఆ జిరాక్స్ దుకాణం మీద కొత్తగ ఒక మేడం వచ్చిందట గదా" అన్నాడు.

"కమలాక్షి బాయి. బల్లార్షా రైల్వే వాళ్ళ బిడ్డ. మంచిగ చెప్తదట" అన్నాడు బాపురావు. ఆగి, "వారానికి రెండు దినాలు ఆఫీసర్ల కాలనీకి కూడ పోతది. మీ కంపెనీల మనుషుల ఫైళ్ళు చూసే సాయెబు లేడా, ఆయన పిల్లలకు ట్యూషన్" అన్నాడు.

దేవన్న చేతిలో గ్లాసు ఒలికింది. బాపురావు గుడ్డ విసిరాడు. "ఏమైంది రాయమల్లు భావూ, వేడిగుందా?"

"వేడిగనే ఉన్నది" అన్నాడు దేవన్న.

అప్పటినుంచి ఆదివారం దాకా అతను బుర్రలో ఒకే లెక్క చేశాడు. ఫైళ్ళ సాయెబు ఇంటికి రాకపోకలున్న మనిషి. పేద పిల్లల చేత ఇంటి మనుషుల మీద వ్యాసాలు రాయిస్తుంది. పేర్లు పట్టుకుంటుంది, ఫోటోలు తీస్తుంది. లక్ష్మయ్య మనవరాలు కూడా ట్యూషన్‌కే పోయేదని గుర్తొచ్చింది. అప్పటికి ఈ కమలాక్షి ఊళ్ళోకే రాలేదు గదా అని బుద్ధి చెప్పింది. బుద్ధి మాట అతను వినలేదు. గనిలో పైకప్పు పెళ్ళను నమ్మినవాడి గతి ఏమిటో అతను చూశాడు.

ఆదివారం ఉతికిన చొక్కా వేసుకుని ప్రతిభ వెంట వెళ్ళాడు. జిరాక్స్ దుకాణం పక్క ఇనుప మెట్లు. పైన ఒకటే గది, నాలుగు బెంచీలు, గోడకు తెల్లబోర్డు. కమలాక్షికి ముప్పై అయిదేళ్లుంటాయి. లేచి కుర్చీ చూపించింది. దేవన్న బెంచీ చివర, తలుపు దగ్గర కూర్చున్నాడు.

"మీరు లాల్‌పేట్ గనిలోనేనా అన్నా?"

"ఔ."

"ఏ షిఫ్టు?"

"మారుతుంటది."

"సొంత ఊరు?"

"ఇదే."

"అంతకు ముందు?"

"అంతకు ముందు కూడ ఇదే."

కమలాక్షి అతని ముఖం వైపు చూసింది. దేవన్న బోర్డు వైపు చూశాడు. జవాబు చిన్నదైతే పట్టు దొరకదని అతని నమ్మకం. ఆమె ఫారం కాగితాలు తీసి ప్రతిభకిచ్చి, కింద జిరాక్స్ తీయించుకు రమ్మంది. పిల్లను కావాలనే పంపుతోందని దేవన్నకు అర్థమైంది. ఇప్పుడు మొదలవుతుందని పిడికిళ్లు బిగించి కూర్చున్నాడు.

ఆమె నోటుబుక్కు తెరిచింది. "ప్రతిభ తెలివైన పిల్ల అన్నా. తల్లి మీద రాసింది చూడండి, మొదటినుంచి చివరిదాకా ఒకే కాలం. ఒక్క తప్పు లేదు. మీ మీద రాసిన దాంట్లో వరుసకో తప్పు. మా నాయిన తలుపు తీసే ముందు రోడ్డు చూశాడు అంటుంది. తర్వాతి వరుసలో మా నాయిన చుట్టాల పెండ్లికి పోడు అంటుంది. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే మా నాయిన ఇంట్లో లేడని చెప్పమన్నాడు అంటుంది. రాతలోకి మీ సంగతి రాగానే ఆ పిల్ల గాడి తప్పుతోంది. ఇన్నేళ్ల నుంచి పిల్లలకు చెప్తున్నా, నాకు తెలుస్తది."

"పిల్ల గదా. ఏదో రాస్తది."

"సూటిగా అడుగుతున్నా, ఏమనుకోకండి." ఆమె గొంతు తగ్గించింది. "మీకు ఇంకో ఇల్లుందా?"

దేవన్నకు అర్థం కాలేదు. "ఇంకో ఇల్లా? ఉన్నది కిరాయి ఇల్లే."

"ఇల్లంటే ఇల్లు కాదన్నా. ఇంకో సంసారం. బల్లార్షాలో నా దగ్గర ఒక పిల్ల చదివేది. దాని తండ్రికి రెండు పేర్లుండె. రెండో పేరు మీద గడ్చాందూర్‌లో రెండో పెండ్లాముండె. ఆ పిల్ల కూడ ఇట్లనే రాసేది. మీవి రెండు పేర్లు చూడగానే నాకు అదే అనుమానమొచ్చింది. బాలమ్మ అక్కకు తెలుసా?"

అయిదు రోజులుగా దేవన్న గుండెలో దాచుకున్న జవాబులన్నీ ఒక ప్రశ్నకు. ఈమె అడిగింది ఇంకోటి. ఏ అనుమానం వచ్చినా ఎదుర్కోవడానికి సిద్ధమై వచ్చినవాడికి ఈ అనుమానం తల కొట్టేసినట్టయింది. బాలమ్మను తప్ప ఇంకో ఆడమనిషి ముఖం నిండా చూసి ఎరగడు. ఒళ్ళు మండిపోయింది. కోపంలో నోరు అదుపు తప్పింది.

"ఏం మాటలు మేడం అవి. పెండ్లామూ ఒక్కతే, ఇల్లూ ఒక్కటే. దేవన్న నేనే. రాయమల్లు మా అన్న. నౌకరి కాయితం చేతికొచ్చిన వారానికే పోయిండు. ఆయన పేరు వేసుకొని నేను దిగిన. మరి సచ్చినోడెవడని అడుగుతరు గదా, పంచాయతి బుక్కుల దేవన్న సచ్చిండని రాయించిండ్రు. నా సావు కాయితం మీద నేనే ఏలిముద్ర బెట్టిన. అన్నకు తమ్మునిగ ఏడ్వలేదు, పదొద్దులు చేయలేదు. బయటోళ్ళు నమ్మాలని నా పేరు తల్చుకొని ఊరంత ఏడ్చింది, నేను గడ్డివాముల దాక్కొని విన్న."

అనేశాడు. ముప్పై నాలుగేళ్లు పళ్ళ బిగువున దాచిన సంగతి, అయిదు నిమిషాల్లో, అదీ ఫైళ్ళ సాయెబు ఇంటికి పోయే మనిషి ముందు. దేవన్న చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. అతనికి నిలువెల్లా భయమేసింది.

భయం కమలాక్షికీ వేసింది. "ఇదంతా నాకెందుకు చెప్పారన్నా" అంది. ఆ గొంతులో పోలీసూ లేడు, సాయెబూ లేడు. ఆమె ఫోను తీసి, అతనికి కనిపించేలా పట్టుకుని, ఆ పేజీ ఫోటో చెరిపేసింది. "నేను విననే లేదు" అంది. ఇంకో చోట ఇంకో ఫోటో ఉందేమోనని దేవన్నకు అప్పుడు కూడా అనిపించింది. అలా అనిపించినందుకు కొంచెం సిగ్గూ వేసింది.

ఇనుప మెట్లు కిర్రుమన్నట్టే లేదు. కానీ ప్రతిభ గుమ్మంలో ఉంది. జిరాక్స్ కాగితాలు గుండెకు ఆనించుకుని నిలబడింది. ఎంతసేపటినుంచి ఉందో ఆ ముఖమే చెప్పింది.

"అయితె" అంది మెల్లగా, "నా పేరు మధ్యల రాసుకునేది పెదనాయన పేరా?"

ఈ మరాఠీ రాష్ట్రంలో పిల్లల పేరు తర్వాత తండ్రి పేరు రాస్తారు. బడి రిజిస్టరు మొదలు పదో తరగతి సర్టిఫికెట్ దాకా ఆమె ప్రతిభ రాయమల్లు.

"ఔ బిడ్డా."

"మరి నీ పేరు ఏడున్నది?"

దేవన్న జవాబు కోసం వెతికాడు. రేషన్ కార్డులో లేదు. ఆధార్‌లో లేదు. పెళ్లి పత్రికలో కూడా, కంపెనీ వాళ్ళకు పంచాలి గనక, అన్న పేరే వేయించారు. పంచాయతీ పుస్తకంలో ఉంది, చచ్చినవాళ్ళ వరుసలో. బతికున్న మనిషిగా అతని పేరు ఉన్న కాగితం, ఈ లోకం మొత్తానికి, టీచరు ఎర్రసున్నాలు చుట్టిన ఆ ఒక్క పేజీ.

అతను చెప్పక ముందే ప్రతిభ లోపలికొచ్చి నోటుబుక్కు తీసుకుంది. ఆ పేజీని కుట్టు దగ్గర పట్టుకుని నిదానంగా, ఒక్క పీలిక కూడా మిగలకుండా చింపింది. రెండు ముక్కలు, నాలుగు, ఎనిమిది. తండ్రి సరిగ్గా ఇందుకే వచ్చాడు. మంగళవారం నుంచీ ఇదే కోరుకున్నాడు. అయినా ఆ చప్పుడు విన్నప్పుడు ఆగు బిడ్డా అనబోయాడు. పిల్ల ముక్కల్ని సంచీ లోపలి జేబులో వేసి జిప్పు లాగింది.

తర్వాత బెంచీ మీద కూర్చుని కొత్త పేజీ తీసింది. పావుగంటలో రాసింది. మధ్యలో ఒక్కసారి కూడా తలెత్తలేదు. కమలాక్షి ఎర్ర పెన్ను పట్టుకుని చదివింది, పెన్ను మూత తీయలేదు. దేవన్న కోసం తెలుగులో చెప్పింది. మా నాయిన పేరు రాయమల్లు. ఆయన గనిలో పని చేస్తాడు. పొద్దున అయిదింటికి పోతాడు. అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. ఆయన అంటే నాకు భయం లేదు.

"ఇప్పుడు ఎక్కడా తప్పు లేదు" అంది కమలాక్షి. మెచ్చుకోవాల్సిన చోట ఆమె ఆ మాట నేల చూస్తూ అంది.

దేవన్నకు గుండె కొంచెం కుదుటపడింది. పేజీ పోయింది, ఫోటో పోయింది, టీచరు గూఢచారి కాదు. రెండు నెలలు గడిచిపోతాయి. ఇంత హాయిలోనూ ఏదో ఒకటి పారేసుకున్నట్టు జేబులు తడుముకుంటూ మెట్లు దిగాడు. తండ్రీ కూతుళ్లు రోడ్డెక్కారు. ప్రతిభ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండునని అతనికి అనిపించింది. అన్న ఎట్లా ఉండేవాడో, చెరువు గట్టున తనకు ఈత ఎట్లా నేర్పాడో చెప్పాలని ఉంది. ఎవరికీ చెప్పుకోలేదు ఇన్నాళ్లూ.

మందుల దుకాణం దగ్గర ఒక పెద్దమనిషి, కంటికి పచ్చగుడ్డ కట్టుకుని, మనవడి కోసమో ఎవరి కోసమో ఎదురుచూస్తూ మెట్టు మీద కూర్చున్నాడు. రెండో కన్ను చికిలించి చూసి లేచాడు.

"దేవన్నా! ఒరే దేవన్నా, నువ్వేనారా?"

అంజన్న. సొంత ఊళ్ళో పక్కింటివాడు. రాయమల్లు పాడె మోసిన నలుగురిలో ఒకడు. అతన్ని చూసి పన్నెండేళ్లయింది. దేవన్న ముఖం విప్పారింది. అడుగు ముందుకు వేశాడు కూడా.

ప్రతిభ ఆ అడుగుకు అడ్డం వచ్చింది. "కాకా, మీరు ఎవర్నో అనుకుంటుండ్రు" అంది, తొణక్కుండా. "మా నాయిన పేరు రాయమల్లు."

ఒక్క గుటక కూడా మింగలేదు. అంత నున్నగా అబద్ధమాడడం దేవన్నకు ముప్పై నాలుగేళ్లలో పట్టుబడలేదు.

అంజన్న పిల్లను చూశాడు, తర్వాత దేవన్నను చూశాడు. రోడ్డు మీద పోయేవాళ్ళను చూశాడు. అతనికి అర్థమైంది. తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు.

"ఔ బిడ్డా, నాదే పొరపాటు. ఒక కన్నుతోటి సరిగ కానస్తలేదు" అన్నాడు. "దేవన్న అని మాకొక దోస్తుండె. మంచోడు. సచ్చిపోయి శానేండ్లాయె."

వెనక్కి పోయి మెట్టు మీద కూర్చుని, ముఖం అటు తిప్పుకున్నాడు.

దేవన్న అక్కడే నిలబడ్డాడు. అంజన్నా అని పిలవాలని ఉంది, నేను సావలేదురా అని చెప్పాలని ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగి, ఆపుకోవాలనుకున్నా ఆగలేదు.

"నడువు నాయినా" అంది ప్రతిభ, అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుని. "మనుషులు చూస్తుండ్రు. ఇంక రెండు నెల్లే గదా."

దేవన్న ఏడుస్తూనే నడిచాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని దారి పొడుగునా కూతురే అటూ ఇటూ చూసుకుంటూ వచ్చింది.